పాత సీ10 పికప్‌లో 5.3 ఇంజన్, 4ఎల్60ఈ గేర్‌బాక్స్ ఎక్కించడం ఎలా

నేనుండేది టెక్సాస్‌లో, నా దగ్గర 1970 షెవ్రొలే సీ10 లాంగ్ బెడ్ పికప్ ఉంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాంట్లో 250 క్యూబిక్ ఇంచుల ఆరు సిలిండర్ల ఇంజన్, మూడు గేర్ల మాన్యువల్ ఉండేవి, గేర్ రాడ్ మన పాత అంబాసిడర్‌లో లాగా స్టీరింగ్ పక్కనే. బండి చూడ్డానికి బంగారం, కానీ హైవే ఎక్కితే పాపం అరిచేది, 65 మైళ్లు దాటితే మాట వినపడదు. అందుకని ఆ రెండూ దించేసి, షెవ్రొలే వాళ్ల కొత్త తరం పికప్ సిల్వరాడోల్లో వచ్చిన 5.3 లీటర్ల వీ8, దాంతో వచ్చే 4ఎల్60ఈ ఆటోమేటిక్ ఎక్కించా. శని ఆదివారాలు మాత్రమే కూర్చుని చేస్తే ఐదు నెలలు పట్టింది. అందులో ఇంజన్ దించి ఎక్కించడానికి పట్టింది మొత్తం కలిపి నాలుగు రోజులే, మిగతాదంతా వైర్లు, పెట్రోలు లైన్లు, కొలతలు. మీరు ఈ పనికి దిగే ముందు ఇది బాగా గుర్తుపెట్టుకోండి, బరువెత్తడం కాదు కష్టం.

మొదలుపెట్టే ముందు కాగితాల సంగతి చూసుకోండి. టెక్సాస్‌లో పొగ టెస్టు కొన్ని కౌంటీల్లోనే ఉంది, అక్కడ కూడా 24 ఏళ్లు దాటిన బండ్లకి అక్కర్లేదు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకి స్మాగ్ టెస్టు, అంటే ఈ పొగ టెస్టే, లేదు, 1976 నుంచి వచ్చిన బండైతే మాత్రం వేరే ఇంజన్ పెట్టాక రెఫరీ అనే ప్రత్యేక తనిఖీ కేంద్రానికి తీసుకెళ్లి పాస్ చేయించాలి, ఆ ఇంజన్‌తో వచ్చిన పొల్యూషన్ సామాన్లన్నీ దాంతోనే ఉండాలి. ఇంజన్ కొన్న రసీదు పారేయకండి, దాని మీద డోనర్ బండి, అంటే ఆ ఇంజన్ తీసిన బండి, నంబర్ రాయించుకోండి. ఇండియా నుంచి చదివేవాళ్లకి ఒక మాట, అక్కడ మోటార్ వెహికల్స్ చట్టం 1988 సెక్షన్ 52 కింద ఇంజన్ మార్చాలంటే ఆర్టీఓ అనుమతి ముందే తీసుకోవాలి, పని అయ్యాక వెళ్లి అడుగుదాం అనుకోకండి. వేరే రకం ఇంజన్ అయితే ఇంకా కష్టం.

డోనర్ బండిని ఎంచుకోవడం

నేను అందరికీ చెప్పేది ఒకటే: ఇంజన్, గేర్‌బాక్స్, కంప్యూటర్, వైరింగ్, పెడల్, అన్నీ ఒకే బండిలోంచి తీసుకోండి. ఒకచోట ఇంజన్ చవగ్గా దొరికిందని, ఇంకోచోట గేర్‌బాక్స్ దొరికిందని పోగేశారంటే, తర్వాత సెన్సార్లు కలవక, కనెక్టర్లు కలవక మీరు మిగుల్చుకున్న డబ్బుకి రెండింతలు ఖర్చవుతుంది. 1999 నుంచి 2007 మొదటి నెలల దాకా వచ్చిన సిల్వరాడో, సియెర్రా, టాహో, సబర్బన్, యూకాన్, వీటిల్లో ఏదైనా సరే.

అద్దం కింద కనపడే వీఐఎన్, అంటే బండి గుర్తింపు నంబర్లో ఎనిమిదో అక్షరం ఇంజన్ ఏంటో చెప్తుంది. టీ ఉంటే ఎల్ఎం7, అదే మనకి కావాల్సిన 5.3. జెడ్ ఉంటే అదే 5.3, ఫ్లెక్స్ ఫ్యూయల్ది, అంటే ఇథనాల్ కలిపిన పెట్రోలు మీద కూడా నడిచేది, అది కూడా మంచిదే. వీ అంటే 4.8. యూ అంటే 6.0, అది దొరికితే అదృష్టం, కాకపోతే దాంతో ఎక్కువగా వచ్చే గేర్‌బాక్స్ 4ఎల్80ఈ, అది పెద్దది, బరువైంది. 2007 తర్వాత వచ్చిన 5.3 ఇంజన్లలో నాలుగు సిలిండర్లని ఆపేసే సిస్టమ్ ఉంటుంది, వాటిలో లిఫ్టర్లు, అంటే వాల్వుల్ని లేపే ముక్కలు, పోవడం చాలా మామూలు, మొదటిసారి చేసేవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మేలు.

జంక్‌యార్డ్‌లో ఏం చూడాలంటే, ఆయిల్ మూత తిప్పి లోపల పాలు కలిపిన కాఫీ రంగు ఉందేమో చూడండి, ఉంటే కూలెంట్ లోపలకి వెళ్తోందని అర్థం. 706 అని అచ్చు ఉన్న హెడ్లలో కొన్నిటి మీద క్యాస్‌టెక్ అనే గుర్తు ఉంటుంది, రాకర్ కవర్ కింద. ఆ హెడ్లు కొన్ని లోపల సన్నగా పగిలి కూలెంట్ నెమ్మదిగా ఆయిల్లోకి దిగుతుంది. వీలైతే ప్లగ్గులు ఎనిమిదీ ఊడదీసి వరసగా పెట్టి చూడండి, ఒకటి మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్లోకి నీళ్లు వెళ్తున్నట్టే. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, మాడిన వాసన వస్తే వదిలేయండి.

థ్రాటిల్ కూడా చూసుకోవాలి. 2002 వరకు చాలావాటికి మామూలు కేబుల్, 2003 నుంచి వైరు మీద నడిచేది. రెండోదైతే పెడల్, దాని మాడ్యూల్ కూడా అదే బండివి తీసుకోండి. వైరింగ్ మాత్రం తొందరలో కట్ చెయ్యకండి, ప్రతి కనెక్టర్ క్లిప్పు నొక్కి విడిగా తీయండి, ఓపిక లేకపోతే ఇంకో రోజు రండి అంతేగాని కట్టర్ వాడకండి.

పాత ఇంజన్ దించడం

బ్యాటరీ తీసెయ్యండి, కూలెంట్, ఆయిల్ వంచేయండి. సీ10లో ఒక విశేషం ఉంది, 1967 నుంచి 1972 దాకా వచ్చిన వీటిలో పెట్రోల్ ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనక ఉంటుంది. అంటే మీ వీపు వెనకే డెబ్బై లీటర్ల పైచిలుకు పెట్రోలు. దాన్ని ముందే పూర్తిగా ఖాళీ చెయ్యండి, గ్యారేజ్ తలుపు తీసి పెట్టి, లోపల హీటర్ లాంటిది ఏదీ వెలగకుండా చూసుకుని.

బానెట్ విప్పే ముందు హింజ్ చుట్టూ మార్కర్‌తో గీత గీయండి, మళ్లీ పెట్టేటప్పుడు అదే గీతలో కూర్చుంటుంది. రేడియేటర్ తీశాక ఆ ఆరు సిలిండర్ల ఇంజన్ పక్కన ఎంత ఖాళీ ఉంటుందంటే, మనిషి లోపలకి దిగి నిలబడొచ్చు, నేను దిగి నిలబడే పని చేశా. క్లచ్ లింకేజ్, గేర్ రాడ్లు, స్పీడో కేబుల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ తీసేస్తే గేర్‌బాక్స్ వదులవుతుంది, దాని కింద జాకీ పెట్టి, బోల్టులు తీసి ముందు దాన్ని దించేయండి, తర్వాత ఇంజన్. చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీతో లేపుతుంటే నోరెళ్లబెట్టి చూసేవాణ్ణి, ఇప్పుడు మనకి రెండు టన్నుల హోయిస్ట్ అద్దెకి దొరుకుతుంది, దాంతోపాటు లెవెలర్ అని ఒక స్క్రూ రాడ్ ఉంటుంది, అది తప్పకుండా తీసుకోండి, ఇంజన్ని ముందుకీ వెనక్కీ వంచడానికి అదే దిక్కు. హోయిస్ట్ మీద బరువు వేలాడుతున్నంతసేపు దాని కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టకండి, ఒక్క సెకనే కదా అని కూడా వద్దు.

తీసిన ప్రతి బోల్టు జిప్ కవర్లో వేసి పేరు రాయండి, ఫోటోలు ఎన్ని తీసినా తక్కువే. పాత ఇంజన్ని ఆదరాబాదరాగా అమ్మేయకండి, ఒక ఏడాది ఉంచండి.

కొత్త ఇంజన్ బయట ఉండగానే చేయాల్సినవి

స్టాండు మీద ఉన్నప్పుడు పది నిమిషాల్లో అయ్యే పని, బండిలో కూర్చున్నాక ఒక రోజంతా తింటుంది. వెనక మెయిన్ సీల్ మార్చండి. ఇంటేక్ మానిఫోల్డ్ తీస్తే దాని కింద గుంటల్లో రెండు నాక్ సెన్సార్లు, అంటే ఇంజన్ కొట్టుకోవడాన్ని పట్టేవి, ఉంటాయి, వాటిలోకి నీళ్లు చేరి తుప్పు పట్టడం ఈ ఇంజన్లకి మామూలు, రెండూ మార్చేయండి, వాటి చిన్న వైరింగ్ ముక్కతో సహా. ఆయిల్ సంప్ తీసినప్పుడు పికప్ ట్యూబ్ దగ్గర ఓ-రింగ్ కొత్తది వెయ్యండి, అది పాతబడి గట్టిపడితే పంపు గాలి పీల్చి ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, రూపాయల్లో పోయేది ఇంజన్ దాకా వస్తుంది. వాటర్ పంపు, థర్మోస్టాట్, బెల్టు టెన్షనర్ కూడా చూసుకోండి.

సంప్ విషయంలో ఒక చిక్కుంది. సిల్వరాడో సంప్ లోతైంది, సీ10 ముందు క్రాస్‌మెంబర్, అంటే ఛాసిస్ అడ్డకమ్మీ, కన్నా కిందకి వేలాడుతుంది. బండి ఎత్తు మామూలుగా ఉంటే నడిచిపోతుంది, కిందకి దించిన బండైతే రోడ్డుకి తగిలేది ముందు అదే. అలాంటప్పుడు 1998 నుంచి 2002 కమారో సంప్ గానీ, ఇలా ఇంజన్ మార్చే పని కోసమే చేసే అల్యూమినియం సంప్ గానీ వెయ్యండి, దాంతోపాటు వచ్చే పికప్ ట్యూబ్, డిప్‌స్టిక్ కూడా మార్చాల్సిందే. అలాగే ఏసీ కంప్రెసర్ కుడివైపు కింద ఉంటుంది, సీ10 ఛాసిస్ రైలుకి తగులుతుంది, దాన్ని పైకి మార్చే బ్రాకెట్ ముందే కొనిపెట్టుకోండి.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడి చేసిన పని, ఇంజన్‌కి గేర్‌బాక్స్ కలపడం. ఇంజన్ వెనక తిరిగే పలక ఫ్లెక్స్‌ప్లేట్, దాని బోల్టులు ముందు 15, తర్వాత 37, చివరికి 74 పౌండ్-ఫీట్, మూడు విడతల్లో, ఎదురెదురుగా బిగించండి. ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండే టార్క్ కన్వర్టర్‌లో అర లీటరు ఆయిల్ పోసి, గేర్‌బాక్స్ ముక్కు కొంచెం పైకి లేపి పెట్టి, కన్వర్టర్ని రెండు చేతులతో పట్టుకుని లోపలకి నెడుతూ నెమ్మదిగా తిప్పాలి. తిప్పుతుంటే టక్ మని కొంచెం లోపలకి దిగుతుంది, మళ్లీ తిప్పండి, ఇంకోసారి దిగుతుంది, చివర్లో పంపు పళ్లలో కూర్చున్నప్పుడు ఒక బరువైన టక్ వస్తుంది, అది చెవికన్నా అరచేతికి ముందు తెలుస్తుంది. అది రాకుండా అయిపోయిందనుకోకండి. నాకు రెండో టక్ దగ్గరే అయిపోయిందనిపించింది, ఎందుకో అనుమానం వచ్చి ఇంకో ఐదు నిమిషాలు తిప్పితే మూడోది దిగింది, దాదాపు అరంగుళం లోపలకి.

తర్వాత గేర్‌బాక్స్‌ని ఇంజన్ దగ్గరకి తెచ్చినప్పుడు బ్లాకు వెనకున్న రెండు డోవెల్ పిన్నులు ఉన్నాయో లేదో చూడండి, హౌసింగ్ రెండు చేతులతో నెడితే బ్లాకుకి పూర్తిగా ఆనాలి. ఆనకుండా సందు ఉంటే బోల్టులతో లాగి బిగించడం మాత్రం చెయ్యొద్దు, అలా లాగితే పంపు పగిలిపోతుంది, గేర్‌బాక్స్ మొత్తం విప్పాలి. హౌసింగ్ బోల్టులు 37 పౌండ్-ఫీట్‌కి బిగించాక, కన్వర్టర్ చేత్తో తిరగాలి, దానికీ ఫ్లెక్స్‌ప్లేట్‌కీ మధ్య మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల సందు ఉండాలి. అది ఉంటేనే కన్వర్టర్ బోల్టులు వెయ్యండి, 46 పౌండ్-ఫీట్.

బండిలోకి ఎక్కించడం, కోణాలు

రెండూ కలిపి ఒకేసారి ఎక్కించండి, లెవెలర్‌తో వెనక బాగా కిందకి వంచి, ముందు నుంచి నెమ్మదిగా తోసుకుంటూ. ఒకరు హోయిస్ట్ దగ్గర, ఒకరు బండి కింద కాకుండా పక్కన నిలబడి చూస్తూ ఉండాలి. మా బావమరిది వచ్చాడు ఆరోజు, ఆయన లేకపోతే నా వల్ల అయ్యేది కాదు.

ఫౌండేషన్లకి బ్లాకు పక్కన నాలుగు బోల్టులతో బిగించే అడాప్టర్ ప్లేట్లు వస్తాయి, ఛాసిస్ మీద వీ8 స్టాండ్లు పెట్టాలి, ఆరు సిలిండర్లవి సరిపోవు. అన్ని బోల్టులూ వదులుగా వేసి, వెనక గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి, అప్పుడు కొలవడం మొదలుపెట్టండి. ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడకి, స్టీరింగ్ బాక్సుకి, పైన టన్నెల్‌కి, అన్నిటికీ వేలు పట్టేంత సందు ఉండాలి, ఇంజన్ గుంజుకున్నప్పుడు కదులుతుంది కదా. గేర్‌బాక్స్ మౌంట్ పాతదానికన్నా వెనక వస్తుంది, క్రాస్‌మెంబర్‌ని వెనక్కి జరిపి కొత్త రంధ్రాలు వెయ్యాలి, కానీ కోణం సరిపోయాకే డ్రిల్ పట్టుకోండి.

ఇంజన్ గేర్‌బాక్స్ గీత వెనక్కి దాదాపు మూడు డిగ్రీలు కిందకి వాలి ఉండాలి, డిఫరెన్షియల్ పినియన్, అంటే వెనక షాఫ్ట్ కలిసే ముక్కు, అంతే కోణంలో పైకి చూడాలి, అంటే రెండూ ఒకదానికొకటి సమాంతరం. ఫోన్లో యాప్ కన్నా అయస్కాంతం ఉన్న యాంగిల్ గేజ్ వాడండి, ఖరీదు పెద్దగా ఉండదు. సీ10 వెనక కాయిల్ స్ప్రింగులు, పొడవాటి ట్రెయిలింగ్ ఆర్ములు కాబట్టి యాక్సిల్‌కీ ఆర్ముకీ మధ్య వెడ్జ్ ముక్కలు పెట్టి పినియన్ కోణం సరిచెయ్యొచ్చు. ఈ కొలతలు బండి నేల మీద, నాలుగు చక్రాల మీద బరువుండగానే తీసుకోండి, గాల్లో వేలాడుతున్నప్పుడు తీసుకుంటే అవన్నీ తప్పే. కోణాలు కలవకపోతే 50 దాటాక సీటు కింద సన్నటి వణుకు మొదలవుతుంది, దాన్ని జనం టైర్ బ్యాలెన్సింగ్ అనుకుని నెలలు తిరుగుతారు.

షాఫ్ట్‌కి కూడా అప్పుడే కొలత తీసుకోండి. 4ఎల్60ఈ వెనక 27 స్ప్లైన్ల, అంటే 27 గాట్ల యోక్, షాఫ్ట్ ముందు కొస, పడుతుంది, దాన్ని పూర్తిగా లోపలకి నెట్టి ముప్పావంగుళం నుంచి అంగుళం దాకా బయటకి లాగి, అక్కడ నుంచి కొలవాలి. 127 అంగుళాల వీల్‌బేస్ ఉన్న లాంగ్ బెడ్లో షాఫ్ట్ రెండు ముక్కలు, మధ్యలో బేరింగ్ ఉంటుంది, అందులో ముందు ముక్క కట్ చేయించాలి, కట్ చేశాక బ్యాలెన్స్ చేయించకుండా తేవద్దు.

పెట్రోలు

పాత కార్బొరేటర్ పంపు ఇచ్చే ప్రెషర్ ఐదారు పీఎస్ఐ. ఈ ఇంజన్‌కి కావాల్సింది 58. పాత గొట్టాలు, పాత క్లిప్పులు ఒక్కటి కూడా ఉంచకండి, అవి పగిలితే వేడి మానిఫోల్డ్ మీద పిచికారీ కొట్టినట్టు పడుతుంది. నేను క్యాబిన్ ట్యాంకు తీసేసి, బెడ్ కింద కొత్త ట్యాంకు పెట్టి, పంపు ట్యాంకు లోపలే ఉండేలా చేశా, సీటు వెనక ట్యాంకు పోయాక ఇంట్లోవాళ్లు బండెక్కడానికి భయపడటం మానేశారు, నాకు అది చాలా పెద్ద విషయం.

2003 వరకు వచ్చిన ఫ్యూయల్ రైల్స్, అంటే ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టాలు, చాలావాటికి రైలు మీదే రెగ్యులేటర్, వెనక్కి వెళ్లే లైను ఉంటాయి, వాటికి ముందు నుంచి ట్యాంకు దాకా రెండు లైన్లు వెయ్యాలి. 2004 నుంచి వచ్చినవాటికి రిటర్న్ ఉండదు, అలాంటప్పుడు 1999 నుంచి 2003 కార్వెట్లో వాడిన ఫిల్టర్ వెయ్యండి, దాంట్లోనే 58 పీఎస్ఐ రెగ్యులేటర్ ఉంది, ట్యాంకు దగ్గరే పెడితే ఇంజన్ దాకా ఒక్క లైను చాలు.

వైరింగ్

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. డోనర్ వైరింగ్‌ని టేబుల్ మీద పరిచి, మీ బండికి అక్కర్లేని వైర్లు ఒక్కొక్కటే తీసేస్తూ పోవచ్చు, లేదా కొత్తగా చేసి అమ్మే హార్నెస్, అంటే మొత్తం వైర్ల కట్ట, కొనుక్కోవచ్చు. మొదటిసారైతే కొనుక్కోండి అనే చెప్తా. అన్నీ అయ్యాక మీ పాత బండికీ కొత్త ఇంజన్‌కీ మధ్య కలిపేవి నిజానికి చాలా తక్కువ: బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంట్, తాళం తిప్పితే వచ్చే కరెంట్, ఎర్త్, పంపు రిలే, ఫ్యాన్ రిలే, చెక్ ఇంజన్ లైటు, స్కానర్ పెట్టే సాకెట్. సెల్ఫ్ వైరు మాత్రం గేర్‌బాక్స్ పక్కనున్న న్యూట్రల్ స్విచ్ లోంచి వెళ్లాలి, గేర్లో ఉండగా సెల్ఫ్ తిరిగిందంటే ఎదురుగా ఉన్న మనిషి మీదకి బండి వెళ్తుంది.

నేను చేసిన తప్పు చెప్తా. తాళం తిప్పితే కరెంట్ వచ్చే వైరు కావాలి కదా అని పాత ఇగ్నిషన్ కాయిల్‌కి వెళ్లే వైరునే కంప్యూటర్‌కి ఇచ్చా. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ పట్టదు, ఒక్కోసారి పట్టినట్టే పట్టి ఆగిపోతుంది. రెండు వారాంతాలు పోయాయి, పంపు మార్చా, సెన్సార్ మార్చా. చివరికి మల్టీమీటర్ పెట్టి చూస్తే ఆ వైరులో వస్తోంది 8 వోల్టులు. అప్పుడు తెలిసింది, పాత పాయింట్ల ఇగ్నిషన్లో కాయిల్ కాలిపోకుండా ఆ వైరునే రెసిస్టెన్స్ వైరుగా చేశారు, పైన గుడ్డ అల్లిక లాగా కనపడుతుంది, మామూలు వైరు కాదు. మీరు ఫ్యూజ్ బాక్సులో తాళానికి వచ్చే పాయింటు నుంచి ఒక రిలేని మాత్రమే నడపండి, అసలు కరెంట్ ఆ రిలే ద్వారా బ్యాటరీ నుంచి రావాలి. తర్వాత తాళం ఆన్‌లో ఒకసారి, సెల్ఫ్ తిరుగుతుండగా ఒకసారి వోల్టేజ్ చూడండి, కొన్ని పాయింట్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు కరెంట్ ఆగిపోతుంది, అవి పనికిరావు.

ఎర్త్ దగ్గర పిసినారితనం వద్దు. బ్యాటరీ నుంచి ఇంజన్ బ్లాకుకి లావుపాటి వైరు, బ్లాకు నుంచి ఛాసిస్‌కి ఒకటి, ఇంజన్ నుంచి బాడీకి ఒకటి, ప్రతిచోటా పెయింట్ గీకి మెరిసే ఇనుము కనపడాలి. పాత ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ విడిగా బయట ఉంటుంది, కొత్తదానికి లోపలే ఉంటుంది కాబట్టి పాతదాన్ని లూప్‌లోంచి తీసెయ్యాలి.

కంప్యూటర్‌ని ట్యూన్ చేయించాలి, లేకపోతే దొంగతనం జరిగిందనుకుని పెట్రోలు ఆపేస్తుంది, ఆ వ్యాట్స్ అనే సెక్యూరిటీని తీయించండి. అప్పుడే మీ టైర్ సైజు, డిఫరెన్షియల్ రేషియో కూడా చెప్పండి, గేర్లు ఎప్పుడు మారాలో దాన్నిబట్టే లెక్క వేస్తుంది. పాత స్పీడోమీటర్ కేబుల్‌తో నడిచేది, 4ఎల్60ఈలో కేబుల్ ఉండదు, జీపీఎస్ స్పీడో గానీ, సిగ్నల్ని కేబుల్‌గా మార్చే డబ్బా గానీ పెట్టాలి.

కూలింగ్, బ్రేకులు

ఈ ఇంజన్ హెడ్ల ముందు భాగం నుంచి సన్నటి స్టీమ్ పైపు వస్తుంది, దాన్ని మూసెయ్యకండి, రేడియేటర్ పైభాగానికి కలపండి. మూస్తే హెడ్ల దగ్గర ఆవిరి ఉండిపోయి, గేజ్ మామూలుగా చూపిస్తూనే లోపల వేడెక్కుతుంది. గేర్‌బాక్స్ కూలర్ లైన్లు కొత్తవి వెయ్యండి, పాత లైన్లలో, పాత కూలర్లో ఇనుప ముక్కలు మిగిలి ఉంటే కొత్త గేర్‌బాక్స్ లోకి వెళ్తాయి.

బ్రేకుల గురించి గట్టిగా చెప్తున్నా. 1970 వరకు సీ10కి ముందు కూడా డ్రమ్ములే, డిస్కులు 1971లో వచ్చాయి. పాత ఇంజన్‌కి కంపెనీ చెప్పిన 155 హార్స్‌పవర్ ఆ రోజుల్లోని లెక్క ప్రకారం, అసలు చక్రాల దాకా వచ్చేది ఇంకా తక్కువ, 5.3 సంవత్సరాన్ని బట్టి 270 నుంచి 295 దాకా ఇస్తుంది. అంత బలం పెట్టి డ్రమ్ముల మీద ఆపుతానంటే మీకూ ఎదుటివాళ్లకీ ప్రమాదం. డిస్కులు, బూస్టర్, రెండు భాగాల మాస్టర్ సిలిండర్, ఇవి ఇంజన్ కన్నా ముందు చెయ్యండి, తర్వాత చేద్దామనుకుంటే బండి నడిపే సరదాలో పడి చెయ్యరు, నేను చాలామందిని చూశా.

మొదటిసారి స్టార్ట్ చెయ్యడం

5డబ్ల్యూ30 ఆయిల్ ఆరు క్వార్టులు, గేర్‌బాక్స్‌లో డెక్స్రాన్ 6. ఇంజెక్టర్ల ఫ్యూజ్, కాయిల్స్ ఫ్యూజ్ తీసేసి, ప్లగ్గులు ఊడదీసి, ఆయిల్ ప్రెషర్ గేజ్ కదిలేదాకా సెల్ఫ్ తిప్పండి, పది సెకన్లు తిప్పి ఆపి మళ్లీ. తర్వాత ప్లగ్గులు, ఫ్యూజులు పెట్టి, తాళం ఆన్ చేసి ఆపండి, ప్రతిసారీ పంపు రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది, అలా నాలుగైదుసార్లు చేసి ప్రతి జాయింట్ దగ్గరా టార్చ్ వేసి చూడండి, తడి కనపడితే ఆపేయండి. మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి.

నాది మూడో సెల్ఫ్‌కి పట్టింది. ఏ గోలా లేదు, ఇలా అని ఒక్కసారి ఊగి, అలా ఐడిల్‌లోకి దిగింది, డాష్ మీద పెట్టిన స్టీల్ గ్లాసులో నీళ్లు వణకడం కూడా ఆగిపోయింది. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, ఇంకా స్టార్ట్ చెయ్యలేదా అని అడిగింది.

వెంటనే ఆయిల్ ప్రెషర్ చూడండి, ఐదు సెకన్లలో రాకపోతే ఆపేయండి. ఇంజన్ నడుస్తుండగా పార్క్‌లో పెట్టి గేర్‌బాక్స్ ఆయిల్ పోస్తూ ఉండాలి, ఎందుకంటే కన్వర్టర్, కూలర్ నిండేకొద్దీ మట్టం దిగుతుంది. బ్రేకు మీద కాలు పెట్టి ప్రతి గేర్‌లో రెండు మూడు సెకన్లు ఉంచి మళ్లీ పార్క్‌కి రండి, వేడెక్కాక మట్టం మళ్లీ చూడండి.

హైవే మీద తేడా ఏంటంటే, నా బండికి 3.73 డిఫరెన్షియల్, టైరు ఎత్తు 28 అంగుళాలు. పాత మాన్యువల్ టాప్ గేర్‌లో 65 మైళ్ల దగ్గర ఇంజన్ దాదాపు 2,900 తిరిగేది. 4ఎల్60ఈ నాలుగో గేర్ 0.70, అదే వేగానికి ఇప్పుడు 2,050 లోపే. మొదటి గేర్ 3.06 కాబట్టి సిగ్నల్ దగ్గర లాగడంలో లోటేమీ లేదు.

మొదటి 50 మైళ్లు ఊళ్లోనే తిప్పండి, ఇంటికి రాగానే కింద అట్టముక్క పరిచి తెల్లారి చూడండి, ఎర్ర చుక్క ఉంటే గేర్‌బాక్స్, నల్ల చుక్క ఉంటే ఇంజన్. 500 మైళ్లకి ఆయిల్ మార్చి, ఫిల్టర్‌ని కోసి లోపల ఇనుప పొడి ఉందేమో చూడండి, ఫౌండేషన్ బోల్టులు, క్రాస్‌మెంబర్ బోల్టులు, షాఫ్ట్ క్రాస్ దగ్గర బోల్టులు అన్నీ మళ్లీ టార్క్ పెట్టండి. ఆఖరుగా, ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో, ఏ ఫిల్టర్ ఏ బండిదో, ఏ సెన్సార్ ఏ సంవత్సరందో ఒక కాగితం మీద రాసి గ్లోవ్ బాక్సులో పెట్టండి, ఐదేళ్ల తర్వాత విడిభాగాల షాపువాడు మీ బండి ఏ మోడల్ అని అడిగితే 1970 అని చెప్పలేరు కదా.